పళ్ళెం అడుగున కుందేలు

మార్చి పదకొండో తేదీ మధ్యాహ్నం తాతయ్య రెండు భోజనాలు చేశాడు. ఒకటి తన పళ్ళెంలోది. రెండోది మనవరాలి పళ్ళెంలోది: చల్లారిన బీన్స్, క్యారెట్ ముక్కలు, ఉడికించిన గుడ్డు. అంతకుముందూ ఒకటీ అరా ముక్క నోట్లో వేసుకునేవాడు గానీ, పళ్ళెం మొత్తం ఊడ్చెయ్యడం అదే మొదలు. అందుకే ఆ తేదీ గుర్తుండిపోయింది.

మనవరాలికి నాలుగేళ్ళు. గింజలేరుకున్నట్టు తింటుందని ఇంట్లో పిచిక అనేవారు. దాని తల్లి కుట్టు ఫ్యాక్టరీలో చొక్కాల కాలర్లు తనిఖీ చేస్తుంది. తండ్రి లారీ ఎక్కితే వారం దాకా దిగడు. భార్య పోయాక తాతయ్య కూతురింటికి వచ్చి, పిల్ల తిండీ నిద్రా తన నెత్తిన వేసుకున్నాడు.

పిచిక పళ్ళెం అడుగున ఒక కుందేలు బొమ్మ ఉంది. కూరంతా తింటే కుందేలు బయటికొస్తుంది. అప్పుడు ఫోటో తీసి ఫ్యాక్టరీకి పంపాలి. భోజనాల గంటలో కూతురు దానికోసం ఎదురు చూస్తుంటుంది.

ఆ రోజు పిల్ల బీన్స్ చూసి గుక్కపట్టి ఏడ్చింది. ఏడిస్తే తాతయ్య చూడలేడు. అటు ఫోటో వేళ మించిపోతోంది. గబగబా తనే తినేశాడు. కుందేలు చెవులు కనబడగానే పిచిక ఏడుపాపి చప్పట్లు కొట్టింది. ఫోటో వెళ్ళింది. "నాన్నా, నీ చేతిలో ఏదో మంత్రముంది" అని జవాబొచ్చింది. ఆ ఒక్క మాట చాలు, మర్నాడూ అదే పని. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు వేసవంతా గడిచింది. పిల్లకు బిస్కెట్లూ కథలూ, తాతకు బీన్సూ పొగడ్తలూ. కాలర్లో తప్పిన ఒక్క కుట్టునైనా పట్టుకునే కూతురు ఆ ఫోటోల్లో తప్పును మాత్రం పట్టుకోలేకపోయింది.

వానలు మొదలయ్యేసరికి పిచిక మెట్లెక్కలేక ఎత్తుకోమనసాగింది. ఆడుకునే వేళ పడుకునేది. కూతురు సెలవు పెట్టి ఇద్దర్నీ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. డాక్టరమ్మ పిల్ల కంటి కింది రెప్ప లాగి చూసింది. వేలి చివర పొడిచి చూస్తే రక్తం తక్కువుంది.

"ఏం తింటుందమ్మా?"

"అన్నీ తింటుందండీ! మా నాన్న దగ్గరుండి తినిపిస్తారు. కావాలంటే చూడండి." కూతురు ఫోను తీసి ఫోటోలు జరిపింది. కుందేలు, కుందేలు, మళ్ళీ కుందేలు. "మా ఫ్యాక్టరీలో ఆడవాళ్ళంతా ఇవి చూసి కుళ్ళుకుంటారు."

తాతయ్య కిటికీ వైపు తిరిగి, లేని దగ్గు దగ్గాడు.

డాక్టరమ్మ నవ్వలేదు. "ఇంత బాగా తింటున్నా రక్తం పట్టలేదంటే లోపల ఇంకేదో ఉండాలి. చేతి నుంచి రక్తం తీసి పరీక్షలకు పంపుదాం."

కూతురు ముఖం పాలిపోయింది. నర్సు రబ్బరు పట్టీ తెచ్చి ఆ పుల్లలాంటి చేతికి కట్టింది. పిచిక సూదిని చూసి తాతయ్య ఒళ్ళోకి దూరింది.

"తాతయ్యా, ఇది కూడా నా బదులు నువ్వే చేయించుకో."

వినేవాళ్ళకు అది ముద్దుమాట. నర్సు నవ్వింది కూడా. తాతయ్యకు తల కొట్టేసినట్టయింది.

"ఆగమ్మా," అన్నాడు నర్సుతో. "ఆ పళ్ళేలు ఖాళీ చేసింది పిల్ల కాదు. నేను."

నర్సు సూది పక్కన పెట్టింది.

"రోజూనా?" అంది డాక్టరమ్మ.

"ఇంచుమించు రోజూ. అది బిస్కెట్లు తింటుంది."

డాక్టరమ్మ పట్టీ తనే విప్పింది. "ఇప్పటికైనా చెప్పారు, నయం. మందు రాస్తాను, సూది సంగతి తర్వాత చూద్దాం. బలవంతం చెయ్యకండి, బతిమాలకండి, దాని బదులు తినకండి. కొంచెమే పెట్టి, పక్కన కూర్చుని మీది మీరు తినండి."

బస్సులో కూతురు పిల్లను ఒళ్ళో వేసుకుని వేరే సీట్లో కూర్చుంది. తిట్టినా బాగుండేది. ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ అంది.

"నా ప్రాణాలు పైకే పోయాయి నాన్నా. అంతా తెలిసి నువ్వు పక్కనే కూర్చుని దగ్గుతున్నావు."

"మంత్రముందన్నావుగా తల్లీ. లేదని చెప్పడానికి నోరు రాలేదు."

"మంత్రమెందుకు నాకు? దానికి కూరలు సయించట్లేదంటే సరిపోయేదిగా."

ఆయన వంగి పిచిక చెప్పులు విప్పసాగాడు.

రాత్రి భోజనాల దగ్గర కుందేలు మీద నాలుగే నాలుగు బీన్స్ ముక్కలు పెట్టింది కూతురు. తాతయ్య తన పళ్ళెం తెచ్చుకుని పక్కన కూర్చున్నాడు. అలవాటుకొద్దీ చెయ్యి అటు జరగబోతే వెనక్కి లాక్కున్నాడు.

"తాతయ్యా, కుందేలుకి ఊపిరాడట్లేదు," అంది పిచిక, జాలిగా.

"పాపం! నువ్వే కాపాడాలి మరి. డాక్టరమ్మ నాకు సెలవిచ్చేసింది."

పిల్ల చాలాసేపు ఆలోచించి ఒక ముక్క కొరికింది. మూతి వంకర పెట్టి సగం ఉమ్మింది, సగం మింగింది. కుందేలు చెవి ఒకటి బయటపడింది. అంతే, మిగతావి ముట్టుకోలేదు.

కూతురు ఆ పళ్ళేన్ని ఫోటో తీసింది. "రేపటి నుంచి ఇలాంటివే పంపు," అంది, తండ్రి వైపు చూడకుండానే.

మిగిలిన ముక్కలు పారెయ్యడానికి ప్రాణం ఒప్పకపోయినా పారేశాడు తాతయ్య. పళ్ళెం కడిగి బోర్లించాడు. గదిలోకి వెళ్ళి లైటు తీసేసి, గోడ వైపు తిరిగి నిద్రపోయినట్టు పడుకున్నాడు. గుమ్మంలో కూతురి అడుగులు ఆగాయి. మంచం పక్కన మంచినీళ్ళ గ్లాసు పెట్టిన చప్పుడయింది. ఆ తలుపు వేస్తే కీచుమంటుంది. ఆమె దాన్ని రెండు చేతులా కాస్త పైకెత్తి పట్టుకుని, చప్పుడు కాకుండా దగ్గరికి వేసింది.