బొల్లిని చూసొచ్చిన రోజు

పరీక్ష అంటే ఎవరికైనా గుండెలో రాయి పడుతుంది. నల్లప్పకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. అరవై ఎనిమిదేళ్లొచ్చాయి, బడి గడప తొక్కిన పాపాన పోలేదు, ఈ వయసులో పరీక్షకు పోతానని ఒకటే హుషారు. "ఏం రాస్తావు నాయనా, పలక కొనియ్యాల్నా?" అని కూతురు భాగ్య ఎగతాళి చేసింది. "రాసేది గాదు, చెప్పేదంట" అని ఆమె మాట కొట్టిపారేసి, ఉతికిన పంచె కోసం పెట్టెంతా వెదికాడు.

సంగతేమిటంటే, మనుషుల మాటకూ ఆలోచనకూ ఉన్న ముడి ఎట్లాంటిదో తేల్చాలని యూనివర్సిటీవాళ్లు పరిశోధన చేస్తున్నారు. శైలజ అనే అమ్మాయి ఆ పని మీద పెనుకొండ చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగింది. ఆమెకు కావాల్సింది గొర్రెల కాపరులు. ఎందుకంటే ఆ పల్లెల్లో పాత కాపరులు గొర్రెల్ని లెక్కపెట్టరు. నోటితో ఒకటి, రెండు అన్నారా, మంద తరిగిపోతుందని భయం. లెక్కపెట్టరే గానీ, అందులో ఒక్కటి తప్పిపోతే చటుక్కున పసిగడతారు. అంకె లేకుండా ఆ లెక్క బుర్రలో ఎట్లా నిలుస్తుందో ఆ అమ్మాయికి తెలియాలి. ఏ పల్లెలో అడిగినా నల్లప్ప పేరే చెప్పారట. ఆ నల్లప్పేమో ఇప్పుడు హిందూపురంలో, కూతురింట్లో, రెండో అంతస్తులో కూర్చుని వచ్చేపోయే ఆటోలను చూస్తున్నాడు.

"సొంత మంద ఉన్నవాళ్లే కావాలి తాతా. మీకుంది కదా?" అని ఫోన్లో అడిగింది శైలజ.

"ఉండాది మేడమ్మా. మద్దిలేటి కాడ మేపుకు ఇడిసినా" అన్నాడు నల్లప్ప, తడుముకోకుండా.

పచ్చి అబద్ధం! మందను అమ్మేసి ఎనిమిది నెలలైంది. పక్కన మంచం మీదున్న అతని భార్య చౌడక్క ఆ మాట విని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె గుట్ట మీద గొర్రెల వెంట దిగుతూ జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషనయ్యాక భాగ్య ఇద్దర్నీ హిందూపురం తెచ్చుకుంది. మేడ మీద మందను కట్టేసుకోలేరు కదా, తమ ఊరికి దగ్గర్లోనే, ధర్మవరం దారిలో బీళ్లున్న మద్దిలేటికి అమ్మేశారు. మద్దిలేటి నెమ్మదైన మనిషే. అతనికి వీళ్లు పెట్టిన షరతు ఒక్కటే, బొల్లిని అది చచ్చేదాకా అమ్మకూడదని. అతను దాని తల మీద చెయ్యిపెట్టి మరీ ఒప్పుకున్నాడు.

బొల్లి అంటే ముఖం మీద తెల్లమచ్చ ఉన్న గొర్రె. పుట్టిన పూటే దాని తల్లి చచ్చిపోయింది. చౌడక్క ఆ పిల్లను కంబళిలో చుట్టి, సీసాతో మేకపాలు పట్టి, పక్కలో పడుకోబెట్టుకుని సాకింది. "నాకంటే దాన్నే బాగా చూసుకుంటాండావు" అని భాగ్య పెళ్లయినాక కూడా ఉడుక్కునేది. చౌడక్క ఎటు నడిస్తే బొల్లి అటు నడిచేది, బొల్లి ఎటు నడిస్తే మందంతా అటు నడిచేది. అట్లా ఏడేళ్లు.

ఇప్పుడు రోజూ తెల్లారితే చౌడక్కది ఒకటే పాట. "ఏమప్పా, నన్ను బొల్లి కాడికి ఎప్పుడు పిల్చుకోని పోతావు?" "కాలు బాగయినాక పోదాంలేమ్మే" అని నల్లప్ప. ఆ కాలు ఇక మెట్లు కూడా దిగదని డాక్టరు అతనితో చెప్పాడు, ఆమెతో చెప్పలేదు.

తనొక్కడే పోయి చూసి రావచ్చు కదా అంటారా? పోయాడు, మొదట్లో రెండుసార్లు. ఇతన్ని చూడగానే మందంతా మేత వదిలేసి బస్సు దాకా వెంటబడింది. తర్వాత రెండు రోజులు మద్దిలేటి మాట వినలేదు. "అన్నా, నీకు దండం పెడతా, ఇంగ రావద్దు" అని అతను చేతులు జోడించాడు. న్యాయమే. అది జరిగి ఆరు నెలలు. ఇదిగో, ఇన్నాళ్లకు యూనివర్సిటీ దయవల్ల మళ్లీ మందలో నిలబడే యోగం పట్టింది. అబద్ధం ఆడక ఏం చేస్తాడు పాపం!

మొదటి పరీక్ష పెనుకొండలో, ఒక బడిగదిలో జరిగింది. శైలజ ముందుగా ఒక కాగితం చదివి వినిపించింది. ఇష్టం లేకపోతే మధ్యలో ఎప్పుడైనా మానేయొచ్చు, ఎందుకని ఎవరూ అడగరు, అని అందులో ఉంది. నల్లప్పకు నవ్వొచ్చింది. "ఈ మాట నాకు పుట్టినకాడ్నుంచి ఒక్కరూ చెప్పలేదు మేడమ్మా" అంటూ వేలిముద్ర వేశాడు.

ఆమె గొర్రెల బొమ్మలున్న అట్టముక్క చూపించింది. "ఇందులో ఎన్ని ఉన్నాయి తాతా?"

"నిండుగా ఉండాయి."

"నిండుగా అంటే ఎన్ని?"

"నిండుగా అంటే నిండుగానే. బొమ్మలైతే మాత్రం, వాటి ఉసురు పోసుకోమంటావా?"

శైలజ నవ్వి ఏదో రాసుకుంది. ఇంకో అట్ట తీసి, ఇందాకటి దానికీ దీనికీ తేడా ఏమిటని అడిగింది. నల్లప్ప అటూ ఇటూ తిప్పి చూసి పెదవి విరిచాడు. అన్నీ ఒకే అచ్చులో గుద్దిన గొర్రెలు. ఏది ఎవరి బిడ్డో తెలియకుండా ఏది పోయిందని చెబుతాడు? గొర్రెల గురించి తలుచుకునేటప్పుడు మనసులో తెలుగు వస్తుందా, కన్నడమా అని కూడా అడిగింది. వాళ్లింట్లో రెండూ ఉన్నాయి. "మనుషుల్తో తెలుగు, గొర్రెల్తో కన్నడ. మా ఆడమనిషితో కోపమొస్తే తెలుగు, లేకుంటే కన్నడ" అన్నాడు. ఇట్లా ఎవరైనా కూర్చోబెట్టి గొర్రెల గురించి అడిగి ఎన్నాళ్లయిందో! ఆ రెండు గంటలూ అతని నోరు ఆగలేదు. బయటికొచ్చాక మాత్రం గుట్ట వైపు చూసి కళ్లు తుడుచుకున్నాడు.

వారం తిరక్కుండా రెండో పరీక్ష, మద్దిలేటి బీట్లో. యూనివర్సిటీ మేడమ్ అడిగితే మద్దిలేటి కాదనలేకపోయాడు. "పిలవగూడదు, ఈల గూడా వెయ్యగూడదు" అని మాత్రం నల్లప్పతో మాట తీసుకున్నాడు. చెప్పేటప్పుడు ముఖంలోకి చూడలేదు.

"ఉన్నవాటిలో ఒకదాన్ని ముందే దాచిపెట్టేశాం తాతా" అని శైలజ వివరంగా చెప్పింది. "మిగతా మంద ఈ దొడ్డి వాకిలి గుండా బయటికొస్తుంది. ఏది లేదో మీరు చెప్పాలి. కొత్త పిల్లల జోలికీ, పొట్టేళ్ల జోలికీ పోవద్దు. మీకు తెలిసిన ఆడగొర్రెల్లోనే చూడండి."

నల్లప్ప వాకిలి పక్కన రాయి మీద కంబళి పరుచుకుని కూర్చున్నాడు. పెళ్లిచూపులకు వచ్చినవాడిలా పంచె సర్దుకున్నాడు. పొద్దున ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు చౌడక్క చేతులు పట్టుకుని చెప్పింది, "దాని గదమ కింద గోకు. ఆడ గోకితే కండ్లు మూసుకుంటాది. నేను గోకినానని చెప్పు" అని. గడ్డం కింద, గడ్డం కింద అని ఆ మాటే నెమరేసుకుంటూ ఉన్నాడు.

మద్దిలేటి ముళ్లకంప జరిపాడు. ముందు వచ్చింది ఎర్రది. నల్లప్ప ముఖం చిన్నబోయింది. ఎప్పుడూ ముందు నడిచేది బొల్లి కదా! దాని వెనక కవలల తల్లి, దాని చెల్లెలు, పోయినేడు నక్క నోట్లో నుంచి లాక్కొచ్చిన పొట్టిది. ఒక్కొక్కటే వచ్చి ఆగి, అతని మోకాళ్లు మూతితో పొడిచి, కంబళి నములుతూ నిలబడిపోతోంది. పిలవకూడదని మాట ఇచ్చాడు గనుక పళ్లు బిగబట్టి, తలలు నిమిరి ముందుకు తోస్తున్నాడు. కళ్లు మాత్రం వాకిట్లోనే ఉన్నాయి. సగం మంద వచ్చేసింది. బొల్లి రాలేదు. చివరి గొర్రె కూడా దాటిపోయింది.

అప్పుడు తట్టింది నల్లప్పకు. ఓహో, ఇదా పరీక్ష! పెద్దగా నవ్వేశాడు.

"ఏది లేదు తాతా?" శైలజ ఫోన్‌లో రికార్డింగ్ నడుస్తోంది.

"ఒకటి గాదు, రెండు లేవు మేడమ్మా. మొండిచెవులది ఒకటి. ఇంగొకటి మా బొల్లి. బలేవాళ్లే మీరు! నా ప్రాణం యాడుండాదో కనుక్కోని దాన్నే దాపెడ్తారా!"

శైలజ చేతిలో కాగితం చూసుకుంది. "ఒకటే తాతా. ఒకదాన్నే దాచాం."

"నాతోనా నీ యేసాలు! సూపిస్తా, రా." నల్లప్ప కంబళి దులిపి లేచాడు. దాచిపెట్టేందుకు అక్కడ ఇంకో చోటు లేదు, దొడ్డి వెనక గుడిసె ఒక్కటే. గబగబా అటు నడుస్తూ, ఇచ్చిన మాట మరిచిపోయి, "బొల్లీ... బా, బా, బొల్లీ..." అని పిలిచాడు. ఆ పిలుపుకు బీట్లోకి పోతున్న మంద మొత్తం వెనక్కి తిరిగింది. దుమ్ము లేపుకుంటూ పరుగెత్తుకొచ్చి అతన్ని చుట్టుముట్టింది. గుడిసె వెనక మొండిచెవుల గొర్రె కట్టేసి ఉంది. దాని పక్కన ఏమీ లేదు.

నల్లప్ప గుడిసెలోకి తొంగిచూశాడు. చుట్టూ తిరిగొచ్చాడు. మళ్లీ తొంగిచూశాడు.

"అన్నా" అన్నాడు మద్దిలేటి వెనక నుంచి. "అది లేదన్నా. నాలుగు నెల్లయింది. సంతకు తోలినా."

నల్లప్ప చేతిలో కట్టె పైకి లేచింది. మద్దిలేటి తప్పుకోలేదు.

"కొట్టన్నా, కొట్టించుకుంటా. అది ఉన్నన్నాళ్లు మంద నా మాట ఇనలేదు. పొద్దుగూకితే చాలు, అది మీ ఊరి దావ పట్టేది, దాని ఎనక అన్నీ. తాళమేసిన మీ ఇంటి ముందర పోయి నిలబడుకోని అరిసేది. నేను పోయి తోలుకోని రావాల. ఒగరోజు గాదు, రెండు రోజులు గాదు, నాలుగు నెలలు. నాకు చాతగాలేదన్నా."

కట్టె దిగిపోయింది. రోజూ వచ్చిందట, తమను వెతుక్కుంటూ! తలుపు తీసేవాళ్లు లేక అరిచి అరిచి వెనక్కి పోయిందట. ఆ సమయానికి తను హిందూపురంలో మేడ మీద కూర్చుని ఆటోలు చూస్తున్నాడు. నల్లప్ప గొర్రెల మధ్యే కూలబడి, ఎర్రదాని మెడ కావలించుకుని, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

శైలజ ఫోన్ ఆపేసింది. ఏం చెయ్యాలో తెలియక పక్కనే నేల మీద కూర్చుంది. కాసేపటికి నల్లప్పే తేరుకున్నాడు.

"మేడమ్మా, మంద నాది గాదు, అమ్మేసినా. నీకు అబద్ధం చెప్పినా. నన్ను తీసేసినా ఏమనుకోను. అయితే నా జవాబు తప్పని మాత్రం రాసుకోవద్దు. రెండు లేవు."

"రెండనే రాస్తాను తాతా" అంది ఆ అమ్మాయి.

మందను కాసేపు దొడ్డిలో పెట్టమని మద్దిలేటికి చెప్పి, నల్లప్ప రోడ్డు మీదికొచ్చాడు. హిందూపురం బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. పెనుకొండ దాటేదాకా ఒకటే ఆలోచన. చౌడక్కకు ఏం చెప్పాలి? నిజం చెబితే ఆమె బతకదు. మెట్లెక్కేసరికి నిర్ణయం అయిపోయింది.

చౌడక్క దిండుకు ఆనుకుని, తల దువ్వుకుని, తయారుగా ఉంది. "సూసినావా?" అంది అతను చెప్పులు విడవక ముందే.

"సూసినా."

"ఎట్లుండాది?"

"దానికేమి! బాగుండాది. రవ్వంత ఒళ్లు చేసింది."

"గదమ కింద గోకినావా?"

"గోకినా. నువ్వు చెప్పినట్లే కండ్లు మూసుకునె."

"నేను గోకినానని చెప్పినావా?"

"చెప్పినా."

చౌడక్క చెయ్యి చాచి అతని కుడిచెయ్యి అందుకుంది. మెల్లగా తన ముఖం దగ్గరికి తీసుకుని, అరచేతిని ముక్కుకు ఆనించుకుని, గట్టిగా ఊపిరి పీల్చింది. అతనికి గొర్రెలన్నీ చూస్తేనే తెలుస్తాయి. ఆమెకు అట్లా కాదు, ఏ గొర్రెను తాకాడో, ఏదాన్ని తాకలేదో వాసన పట్టి చెప్పేస్తుంది. ఈ సంగతి తోవలో ఒక్కసారన్నా గుర్తు రాలేదే! చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు గానీ ఆమె వదల్లేదు. వేళ్లూ, మణికట్టూ, పంచె చెంగూ అన్నీ వాసన చూసింది. ఇంకోసారి మొదటి నుంచి చూసింది. తర్వాత కళ్లు మూసుకుంది. మూసిన కళ్లలోంచి నీళ్లు కారి చెవుల దాకా పోయాయి.

"బాగుండాది కదా, చాలు" అంది. "ఇంగ నన్ను ఆడికి పిల్చుకోని పోవద్దులే."

ఎనిమిది నెలలుగా ఆమె అడగని రోజు లేదు.

వంటింట్లోంచి భాగ్య కేకేసింది. "నాయనా, సంగటి చల్లారిపోతాండాది, చెయ్యి కడుక్కోని రా."

"ఉండనీవే" అంది చౌడక్క, చేతిని చెంప కింద పెట్టుకుని. "ఈ పొద్దుకు కడగనియ్యొద్దు."