తీపి వైపు

"ఆ ఉల్లిచెక్కా నిమ్మచెక్కా ఒకే గిన్నెలో పెట్టకు. నాకు కంగారుగా ఉంటుంది," అన్నాడు భర్త, అద్దం ముందు నిలబడి జుట్టు దువ్వుకుంటూ.

ఆమె వంటింటి నేల మీద కూర్చుని అనాసపండ్ల చెక్కు తీస్తోంది. చక్రాల్లా తరిగినవి ఒక డబ్బాలో, పుల్లలకి గుచ్చిన కోడిమాంసం ముక్కలు ఇంకో డబ్బాలో, మధ్యకి చీల్చి చాక్లెట్ కూరిన అరటిపండ్లు తొక్కతో సహా మూడో డబ్బాలో. మ్యాచ్ ఉన్న ప్రతి ఆదివారం స్టేడియం గేటు బయట గ్రిల్ పెట్టి ఇవి కాల్చి అమ్మడం, ఇదే తంతు. ఇందులో కంగారుపడటానికి ఏముందో ఆమెకి ఇప్పటికీ బోధపడదు. గ్రిల్‌కి ఎడమవైపు మాంసం, కుడివైపు తీపి. ముక్కలు అంటుకోకుండా ఎడమవైపు చువ్వల్ని ఉల్లిచెక్కతో రుద్దాలి, కుడివైపు చువ్వల్ని నిమ్మచెక్కతో. అటు ఉల్లి ఇటు తగిలిందా, అనాస తిన్నవాడి మొహం చూడక్కర్లేదు. పొరుగింటి పిల్లకి చెబితే ఒక్కసారికే తెలిసింది. ఈయనకి మాత్రం కంగారట. కంగారు పడేవాడు కాస్త గుర్తుపెట్టుకోవచ్చు కదా, అబ్బే, గిన్నెలే రెండు కావాలి. ఆ రెండో గిన్నె కడగాల్సింది ఎవరు?

ఆమె రెండో గిన్నె తీసింది.

"అమ్మాయ్, మావాడికి టోపీ పెట్టావా? పాపం నిప్పుల ముందు నిలబడి కందిపోతున్నాడు," అంది అత్తగారు లోపలి గదిలోంచి. పెట్టానన్నట్టు ఆమె ఊఁ కొట్టింది. నిజానికి బొగ్గులు రాజేసేది ఆమె, పొగ మింగేది ఆమె, దూరంగా ఉన్న పంపు నుంచి నీళ్ళ బకెట్లు మోసేది ఆమె. గేటు దగ్గర జనం కనబడగానే ఆయన వచ్చి, "ఇలా ఇవ్వు," అని ఆమె నడుముకున్న ఏప్రన్ విప్పించి తాను కట్టుకుంటాడు. ఇల్లాలిని వెనక స్టూలు మీద, పండ్లూ కత్తీ ముందేసి కూర్చోబెడతాడు. మొదట్లో ఎందుకని అడిగింది. "పొయ్యి దగ్గర ఆడది నిలబడితే ఇంటి వంటలా ఉంటుందోయ్. మగాడు నిలబడితే వ్యాపారంలా ఉంటుంది," అన్నాడు. అదేదో మెచ్చుకోలు అన్నట్టు నవ్వాడు కూడా. అన్నీ అమ్ముడుపోయిన రోజు అది మన వ్యాపారం. మిగిలిపోయిన రోజు నీ పిచ్చి. ఆమె పనిచేసే ఆఫీసులోనూ ఇదే వరస. ఎవరి పుట్టినరోజైనా కేకు కొయ్యడానికి ఆవిడ, ఆ తర్వాత కప్పులు కడగడానికి ఆవిడ, ఫోటో తీసేటప్పుడు "మీరు కాస్త పక్కకి జరగండి మేడమ్". జరిగీ జరిగీ తన మొహం ఎలా ఉంటుందో తనకే మరుపొచ్చేలా ఉంది.

కానీ ఈ ఆదివారం వేరు. స్టేడియం మేనేజరు పోయినవారం ఎవరో గేటు లోపలికి తెచ్చిపెట్టిన ఒక అనాస ముక్క తిన్నదట, ఇంటికెళ్ళినా దాని రుచే గుర్తొచ్చిందట. గేటు లోపల ఒక చోటు ఖాళీ అయింది, ఈసారి హాఫ్ టైమ్‌లో వచ్చి ఇంకోసారి తిని చూసి, నచ్చితే ఇస్తానని కబురు పంపింది. పైన కప్పు ఉన్న చోటు. పక్కనే నీళ్ళ పంపు ఉన్న చోటు. ఆ పంపు తలుచుకుంటే ఆమెకి మోచేతులు ఇప్పుడే తేలికపడ్డట్టు అనిపించింది. వాన వస్తే డబ్బాల మీద తన చీర కొంగు కప్పి తాను తడవక్కర్లేదు. ఆ చోటు కావాలి ఆమెకి. ఇన్నేళ్ళలో ఏదైనా ఇంత గట్టిగా కావాలనుకున్నట్టు గుర్తులేదు.

హాఫ్ టైమ్ విజిల్ వినపడగానే గేట్లు తెరుచుకున్నాయి. రంగురంగుల చొక్కాల జనం కేకలేసుకుంటూ వచ్చి పడ్డారు. భర్త పటకారు గాల్లో తిప్పుతూ, గోల్ పడకపోవడానికి కారణాలు అందరికీ వివరిస్తూ, అరటిపండ్లు పంచుతున్నాడు. వెనక ఆమె చేతులు ఆగడం లేదు. అంతలో మేనేజరు వచ్చింది. మెడలో ఈలా, చేతిలో తాళాల గుత్తీ, మొహంలో అలసటా ఉన్న మనిషి.

"పోయినవారం చేసినది మీరేనా?" అంది.

"ఏదో నా చేతి చలవ అండీ," అన్నాడు భర్త.

వెనక ఆమె కత్తి ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. పోయినవారం ఆ సమయానికి ఈయన పార్కింగ్ దగ్గర ఎవరి ఫోన్‌లోనో ఆట చూస్తున్నాడు.

"అయితే నా ఎదురుగానే ఒకటి చేసి పెట్టండి," అంది మేనేజరు.

వరసలో నిలబడ్డవాళ్ళు కూడా చూస్తున్నారు. చూసేవాళ్ళుంటే ఆయనకి ఒళ్ళు తెలియదు. ఎక్కడో వీడియోలో చూసినట్టున్నాడు, ఫోర్కుకి ఒక చెక్క గుచ్చి, దర్జాగా, కుడివైపు చువ్వల మీద ఈ చివర నుంచి ఆ చివరకి రుద్దాడు. చుంయ్‌మంది. కొందరు చప్పట్లు కొట్టారు. ఆ చెక్క ఉల్లిపాయది.

ఆమె సగం లేచింది. నోటిదాకా వచ్చింది, "ఏమండీ" అని. అక్కడే ఆగిపోయింది. కిందటి సీజన్‌లో ఎవరికో ఉడకని పుల్ల ఇస్తుంటే, "ఏమండీ, అది ఇంకా పచ్చిగా ఉంది" అంది. అంతే, ఇంటికొచ్చాక వాయించి వదిలిపెట్టాడు. "పచ్చి ముక్కయినా వాళ్ళకి అరుగుతుంది, నీ మాట మాత్రం నాకు అరగదు. జనం ముందు నన్ను ఇంకోసారి సరిదిద్దకు." అత్తగారు కూడా, "మగాడి పరువమ్మా, నువ్వే చూసుకోవాలి," అంది. ఆమెకి ఒళ్ళు మండిపోయింది. పండ్లూ నేనే చూసుకోవాలి, నిప్పూ నేనే చూసుకోవాలి, వీటి మధ్య ఈయన పరువు కూడా నేనే తిరగేస్తుండాలా మాడకుండా? పోతేపోనీ అనుకుంది. మరుక్షణం పంపు గుర్తొచ్చింది. కప్పు గుర్తొచ్చింది. ఏడుపొచ్చినంత పనైంది. అయినా మాట వినే భార్యలాగే నోరు మూసుకుని నిలబడింది.

మేనేజరు ముక్క కొరికింది. నమలడం ఆపింది. ఎక్కడ ఉమ్మాలా అని చూసి, మర్యాదకి మింగేసింది.

"ఇది అది కాదండీ. ఉల్లిపాయ వాసనొస్తోంది," అంది.

భర్త తడుముకోలేదు. కనీసం ఒక్క క్షణమైనా తడుముకుని ఉంటే ఆమె జీవితం ఇంకొన్నాళ్ళు అలాగే గడిచిపోయేదేమో. ఆయన వెనక్కి చెయ్యి చూపించి నవ్వాడు. "మా ఆవిడేనండీ. ముక్కలు సరిగా కొయ్యదు. ఎన్నిసార్లు చెప్పినా రాదు."

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆమె స్టూలు దగ్గర నుంచి ముందుకొచ్చింది. ఇనుప బ్రష్షు తీసుకుని కుడివైపు చువ్వలు గీకింది. తడిగుడ్డతో తుడిచింది. నిమ్మచెక్క ఉప్పులో అద్ది రుద్దింది. ఒక అనాస చక్రం వేసి, అంచులు ఎర్రబడేదాకా కదపకుండా ఉంచి, తిప్పి, పైన తేనె చుక్క వేసింది. భర్త పళ్ళు బిగించి, "జనం ముందు సరిదిద్దొద్దన్నానా?" అన్నాడు.

"మిమ్మల్ని సరిదిద్దలేదండీ. చువ్వల్ని తుడిచాను," అంది ఆమె, అందరికీ వినబడేటట్టే.

మేనేజరు ఆ ముక్క తింది. వేళ్ళు నాక్కుంటూ తాళాల గుత్తిలోంచి ఒకటి విడదీసి, భర్త చాచిన చేతిని దాటించి, ఆమె జిగట చేతిలో పెట్టింది. "వచ్చే మ్యాచ్ నుంచి లోపలికి వచ్చెయ్యండి," అని వెళ్ళిపోయింది.

తాళంచెవిని ఆమె జాకెట్లోకి దోపుకుంది. వరస ఇంకా పెరుగుతోంది. ఎవరో అనాస రెండు కావాలని అరిచారు. భర్త చెమట తుడుచుకుని, ఏమీ జరగనట్టు మళ్ళీ పటకారు అందుకోబోయాడు.

"ఆ ఏప్రన్ ఇలా ఇవ్వండి," అంది.

ఆయన అటూ ఇటూ చూశాడు. జనమంతా చూస్తున్నారు. విప్పి ఇచ్చాడు. ఆమె అది కట్టుకుని, ముడి బిగించి, స్టూలు మీది కత్తి తెచ్చి పిడివైపు తిప్పి ఆయన చేతికిచ్చింది.

"నాకు సరిగా కొయ్యడం రాదన్నారుగా," అంది. "స్టూలు దగ్గర ఇంకా చాలా పండ్లున్నాయి. మీరు కొయ్యండి."