కైనార్ వాగులో రాళ్ళు

"మెల్లిగా రుద్దవే. అది నా తల, నీ వాగులో రాయి కాదు," అంది అపా, అంటే మా అత్తగారు.

నాకు నవ్వొచ్చింది. ఆవిడకి రాలేదు. మంచానికి అడ్డంగా పడుకోబెట్టి, మెడ కింద దుప్పటి చుట్ట పెట్టి, కింద బేసిన్ ఉంచి తలంటుతున్నాను. బంగాళాదుంపలు దాచే నేలమాళిగలోకి దిగుతూ నిచ్చెన మెట్టు తప్పి పడింది. మోకాలి కింద ఎముక విరిగింది. ఆస్పత్రిలో తొడదాకా పిండికట్టు వేసి, ఇంటికి తీసుకెళ్ళి జాగ్రత్తగా చూసుకోమన్నారు. చూసుకోమన్నది ఎవర్నో వాళ్ళు చెప్పలేదు, ఇంట్లో ఎవరూ అడగనూ లేదు. అప్పట్నుంచి బెడ్‌పాన్ పెట్టడం, తీయడం, ఒళ్ళు తుడవడం, వీపు పుండు పడకుండా అటూ ఇటూ తిప్పడం, గొర్రె ఎముకలు పొద్దంతా మరిగించి ఆ చారు తాగించడం నా పనే. నొప్పొస్తే ఆవిడ అరవదు, దుప్పటి అంచు పళ్ళతో కొరుకుతుంది. ఆ అంచు మళ్ళీ కుట్టేదీ నేనే.

నా పేరు ఉల్బోసిన్. మా కజక్ భాషలో 'మగపిల్లాడు పుట్టాలి' అని అర్థం. నాలుగో ఆడపిల్లగా పుట్టినందుకు నాన్న పెట్టిన పేరు. ఎవరైనా పిలిస్తే నా వెనక ఉన్న ఇంకెవర్నో పిలుస్తున్నట్టుంటుంది. అత్తవారింట్లో ఆ ఇబ్బంది లేదు. ఇక్కడ నేను కోడల్ని, అంతే.

కానీ ఏడాదిలో కొన్ని నెలలు నేను వేరే మనిషిని. మంచు కరిగినప్పట్నుంచి మళ్ళీ కురిసేదాకా మా అలతావ్ కొండవాగుల వెంట తిరుగుతూ నీళ్ళలో బతికే జీవాల్ని లెక్కపెట్టే ఉద్యోగం నాది. నడుందాకా వచ్చే రబ్బరు బూట్లు తొడుక్కుని, ప్రవాహానికి ఎదురు నడుస్తూ ఒక్కో రాయీ ఎత్తి చూడాలి. ముఖ్యంగా వెతికేది బకాతిస్ కోసం. చూడ్డానికి బల్లిలా ఉంటుంది, బతుకు మాత్రం కప్పది. ఉబ్బిన కళ్ళు, పొడుగాటి తోక. మా కొండల్లోనూ సరిహద్దు అవతలి కొండల్లోనూ తప్ప లోకంలో ఇంకెక్కడా లేదు. దాన్ని ముట్టుకునే ముందు మన చేతులు నీళ్ళలో ముంచి చల్లబరచుకోవాలి, మన ఒంటి వేడి దానికి నిప్పు. చూసి, కొలిచి, వదిలేసి, ఎత్తిన రాయిని ఎత్తిన చోటే ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టాలి. ఈ చివరిది నాకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. ఇంట్లో రోజంతా చేసేది అదే కదా.

మా ఇంటి వెనకే కైనార్ వాగు ఉంది. దాన్నీ ఏటా చూస్తాం. నీళ్ళు చల్లగా, శుభ్రంగా ఉంటాయి. రాళ్ళు ఎలా ఉండాలో అలా ఉంటాయి. బకాతిస్ మాత్రం ఒక్కటీ లేదు. మా జట్టుకి పెద్ద తమారా పావ్లొవ్నా. ఆవిడ ప్రతిసారీ ఒడ్డున నిలబడి, "ఇక్కడ లేకపోవడానికి నాకు కారణమే కనబడట్లేదు," అంటుంది.

సీజన్ ఉద్యోగంలో ఒక చిత్రం ఉంది. దాన్ని ప్రతి వసంతం మళ్ళీ కొత్తగా సంపాదించుకోవాలి, అదీ ఆఫీసులో కాదు, ఇంట్లో. మా ఆయన సాకెన్ ఊరినుంచి పట్నానికి మినీబస్సు నడుపుతాడు. ఆయన్ని ఏ ఋతువులోనూ ఎవరూ 'మళ్ళీ వెళ్తావా' అని అడగరు. నేనడిగితే మాత్రం, "పోయినేడు వెళ్ళొచ్చావుగా," అంటాడు, జాతరకి వెళ్ళొచ్చినట్టు. "నువ్వెళ్తే అమ్మకి టీ ఎవరు పోస్తారు?" అనేది రెండో మాట. మా వాళ్ళలో టీ పొయ్యడమంటే చిన్న పని కాదు. పియాలా, అంటే పిడిలేని టీ గిన్నె, సగం కూడా నింపకూడదు. అంచుదాకా పోశామంటే ఇక లేచి వెళ్ళిరమ్మని అర్థం. కావలసిన మనిషికి రెండు గుక్కలు పోసి, అవగానే మళ్ళీ రెండు గుక్కలు పొయ్యాలి. అంటే గౌరవం తాగేవాళ్ళది, చాకిరీ పోసేదానిది. పెళ్ళయినప్పట్నుంచీ ఆ ఇంట్లో నేను వేడి టీ తాగలేదు.

కొండమీద గుడారాల్లో అంతా మారిపోతుందని చెప్పను. నాతోపాటే చేరిన దానియార్ అనే అతను, నాది ఏ పనో అతనిదీ అదే పని, మొదటి సాయంత్రం తడి మేజోళ్ళు ఆరేసుకుంటూ, "అక్కా, ఇవాళేం వండుతున్నావ్?" అన్నాడు. వెటకారం కాదు, పాపం నిజంగానే అడిగాడు. నేనూ నిజంగానే వండాను. దారి తెలిసిన గుర్రాల్లా నా చేతులు పొయ్యి దగ్గరకి వెళ్ళిపోయాయి. మరుసటి ఏడు తమారా పావ్లొవ్నా వంటకి వంతులు వేసింది. దానియార్ మాడ్చిన గంజి తింటూ, "దీన్లో మాత్రం ఏ జీవమూ మిగల్లేదు," అంది. ఆ రోజు నవ్వినట్టు నేను మా ఇంట్లో ఎన్నడూ నవ్వలేదు.

ఈసారి సీజన్లో చివరి ప్రయాణం ఒకటి మిగిలి ఉండగా అత్తగారి కాలు విరిగింది. చూడ్డానికి ఆడపడుచు కుల్యాష్ వచ్చింది.

"బకాతిస్‌ని ఎండబెట్టి పొడిచేసి చారులో కలిపిస్తే ఎముక ఇట్టే అతుక్కుంటుంది," అంది, నేను పోసిన టీ తాగుతూ. "నాన్న గుర్రం మీంచి పడ్డప్పుడు అదే పెట్టారట. లేకపోతే కాలు తీసేసేవాళ్ళట."

సాకెన్ గోడమీది మామగారి ఫొటో వైపు చూశాడు, నేనూ చూశాను. అందులో ఆయన చేతికర్ర మీద ఆనుకుని నిలబడి ఉన్నాడు. అత్తగారు మాత్రం మొహం కిటికీ వైపు తిప్పుకుంది. నొప్పేమో అనుకున్నాను.

"దాని మనిషి మన ఇంట్లోనే ఉంటే వెతుకులాట ఎందుకు?" అంది కుల్యాష్.

ఇన్నేళ్ళలో నా ఉద్యోగం గురించి ఆ ఇంట్లో వినబడ్డ మొదటి మంచిమాట అదే. నేను కొండమీద ఉన్నన్నాళ్ళు అమ్మ దగ్గర తను ఉంటానని కూడా అంది.

నేను బయల్దేరే పొద్దున సాకెన్ వాకిట్లో నిలబడ్డాడు. "ఒక్కటి. పట్టుకోకూడదని నాకూ తెలుసు. ఒక్కటి తగ్గితే ఎవరు చూడొచ్చారు?"

"దాంతో ఎముకలు అతకవు సాకెన్."

"అతక్కపోతే అతకవు. తెస్తే నీదేం పోయింది? అమ్మ దుప్పటి ఎలా కొరుక్కుంటోందో రోజూ చూస్తున్నావ్. తెచ్చావా, వచ్చే వసంతం నిన్నెవరూ ఆపరు, పూచీ నాది. తేలేదా, ఇదే ఆఖరు. మా అమ్మకన్నా ఎక్కువైన ఉద్యోగం ఈ ఇంట్లో అక్కర్లేదు."

మూతకి మేకుతో చిల్లులు పొడిచిన గాజు సీసా నా సంచిలో తనే పెట్టాడు. పెళ్ళయ్యాక ఆయన నా సంచి సర్దడం అదే మొదలు.

పై వాగులో, పలచటి రాయి కింద అది దొరికింది. చల్లబడిన నా అరచేతిలో కదలకుండా కూర్చుంది. గొంతు కింద చర్మం మాత్రం గబగబా కొట్టుకుంటోంది. తమారా పావ్లొవ్నా, దానియార్ వాగు వంపు తిరిగి అవతల ఉన్నారు. వీపున సంచి, సంచిలో సీసా. ఆవిడ కొరికిన దుప్పటి అంచు నా కళ్ళముందే ఉంది. నేను ఆవిడ బాధ పట్టనిదాన్ని కాదు. ఇది మందు కాదని నాకు తెలుసు. కానీ మందన్న నమ్మకంతో ఆవిడ ఒక్క రోజైనా హాయిగా పడుకుంటుందేమో అనిపించింది. పైగా ఇది తెస్తే నాకు ఈ వాగు మిగుల్తుంది. ఒక్కటి. ఆలోచిస్తే ఆ ఇంట్లో నన్నెవరూ ఎప్పుడూ రెండు అడగలేదు. ఒక్క టీ, ఒక్క చొక్కా ఇస్త్రీ, ఒక్క పూట సర్దుకుపో, ఒక్క మాటకే మొహం మాడ్చుకుంటావేం, ఒక్క మగపిల్లాణ్ణి కనలేకపోయావా. మా నాన్న కూడా ఒక్క కొడుకునే అడిగాడు, ఆ అడిగింది నా పేరై కూర్చుంది. ఒక్కొక్కటే ఇచ్చుకుంటూ వచ్చాను, నా దగ్గర ఏం మిగిలిందని చూసుకుంటే ఈ చల్లటి నీళ్ళు, ఈ బూట్లు, అరచేతిలో ఈ ప్రాణం. ఇప్పుడిది కూడా ఇచ్చేసి, అదే నీళ్ళలోకి వచ్చే వసంతం ఏ మొహంతో దిగను? అప్పుడు మిగిలేది నా ఉద్యోగం కాదు, వాళ్ళు నాకు వేసిన కూలి. నాకు ఏడుపొచ్చింది. చెయ్యి నీళ్ళలో ముంచాను. అది వెనక్కి తిరిగి చూడకుండా పోయింది. రాయి ఎలా ఉన్నదాన్ని అలాగే పెట్టాను.

ఇంటికొచ్చేసరికి కుల్యాష్ వెళ్ళిపోయింది. ఆవిడ ఉన్నన్నాళ్ళ గిన్నెలు మాత్రం నాకోసం ఆగాయి. బూట్లు విప్పకముందే సాకెన్ సంచిలోంచి సీసా తీశాడు. వెలుతురుకి ఎత్తి చూశాడు.

"దొరకలేదా?" అన్నాడు.

దారి తనే చూపించాడు. 'ఊఁ' అంటే సరిపోయేది. ఈ కాపురంలో నేను తప్పించుకున్నవన్నీ ఇలాగే తప్పించుకున్నాను. తలనొప్పి, మర్చిపోయాను, అయిపోయింది, కనబడలేదు. చేతకానిదాన్ని అనిపించుకున్నాను గానీ, ఇష్టంలేనిదాన్ని అనిపించుకోలేదు. 'చెయ్యను' అనే మాట నా నోట్లో ఎలా ఉంటుందో నాకే తెలీదు.

"దొరికింది," అన్నాను. "తేలేదు."

సీసా బల్లమీద టక్కున పెట్టాడు. "అంటే? మా అమ్మకన్నా నీకా బల్లి ఎక్కువైపోయిందా?"

"మీ అమ్మని చూసుకుంటున్నది నేనే. ఇకముందూ చూసుకుంటాను. అది మాత్రం తేను."

"అయితే నీ బూట్లు ఎవరికైనా ఇచ్చెయ్. చెప్పానుగా..."

"కైనార్‌లో చూశావుటే ఎప్పుడైనా?" మంచం మీంచి అత్తగారి గొంతు.

"ఏటా చూస్తాం అపా. కైనార్‌లో ఒక్కటీ లేదు."

"ఉండేవి." ఆవిడ కప్పువైపు చూస్తోంది. "రాయి ఎత్తితే ఉండేవి. మీ మామ గుర్రం మీంచి పడ్డప్పుడు మా అత్త పాల క్యాను చేతికిచ్చి తోలింది. మంచు పడబోయే రోజులు. చేతులు కొయ్యల్లా అయిపోయాయి. క్యాను నింపి తెచ్చాను. ఆ తర్వాత ఊళ్ళో ఎవరి కాలు విరిగినా, ఎవరి చెయ్యి విరిగినా నన్నే పంపించేది. నాకు రాళ్ళు తెలుసు కదా. వాగు ఖాళీ అయ్యేదాకా తెచ్చాను."

"పోనీ నాన్న బాగయ్యాడుగా," అన్నాడు సాకెన్.

"ఎక్కడ బాగయ్యాడురా? ఆ ఫొటో కళ్ళు తెరిచి చూడు. చచ్చేదాకా కుంటుతూనే నడిచాడు." కొరికిన దుప్పటి అంచు వేళ్ళతో నిమిరింది. "ఆ మొదటిసారి వెళ్ళినప్పుడు నాకు ఆరో నెల. నీకొక అక్క ఉండేది. ఆ నీళ్ళలోంచి వచ్చిన మర్నాడే పోయింది. మా అత్త ఏమందో తెలుసా? పోతే పోయింది, ఆడపిల్లేగా అంది."

సాకెన్ పెట్టెమీద కూలబడ్డాడు. నేను వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. కారణం కనబడట్లేదని తమారా పావ్లొవ్నా అన్న ఆ వాగు పక్కన, ఈవిడ ఇన్నేళ్ళూ ఇల్లు ఊడ్చుకుంటూ బతికింది. నాకు ఆవిడ మీద ఉన్న కోపాలన్నీ పోలేదు. కానీ ఆ చేతిని వదలబుద్ధి కాలేదు.

"గొంతెండిపోయింది. టీ ఉందా?" అంది.

తెచ్చాను. ఆవిడ తల ఎత్తి పట్టుకుని రెండు గుక్కలు తాగించాను. సాకెన్ అలవాటుగా తన ఖాళీ పియాలా నా వైపు చాపాడు. ఎటో చూస్తున్నాడు.

"కెటిల్ నీ పక్కనే ఉంది," అన్నాను. "మంచు కరగ్గానే నేను వెళ్తున్నాను సాకెన్. అపా కాలు అప్పటికి నేలమీద ఆనుతుంది. ఆనకపోతే ఎవరెప్పుడు చూసుకోవాలో వంతులు వేసుకుందాం. నీదీ ఒక వంతు."

చాపిన చెయ్యి అలాగే ఉంది. అమ్మ వైపు చూశాడు. చివరికి కెటిల్ ఎత్తి తనే పోసుకున్నాడు. ఎప్పుడూ పోసి ఎరగడు కదా, ఎక్కడ ఆపాలో తెలీక అంచుదాకా పోసేశాడు.

అత్తగారు ఆ నిండు పియాలా వైపు చూసింది. కాలు విరిగినప్పట్నుంచి మొదటిసారి ఆవిడ మొహంలో నవ్వు కనిపించింది.

"అది నీకెందుకురా? నీ పెళ్ళానికివ్వు. వెళ్ళేది తను."

తొణక్కుండా రెండు చేతులా పట్టుకుని తెచ్చి నాకిచ్చాడు. వేళ్ళు కాలాయి. గోడకి ఆనుకుని కూర్చుని, మధ్యలో లేవకుండా, వేడివేడిగా మొత్తం తాగాను.