రేకుల మీద చెరువు

ముప్పై దాటినా ఇంట్లో ఆమెను చిన్నది అనే పిలుస్తారు. ప్రకటనల సంస్థలో ఉద్యోగం. సబ్బు నురగనైనా, బిస్కెట్టు విరిగే తీరునైనా కంప్యూటర్ మీద కదిలే బొమ్మగా గీయడంలో చెయ్యి తిరిగిన మనిషి.

వాళ్ల వీధి చివర చెరువును ఎవరో పూడ్చేస్తున్నారు. కూల్చిన ఇళ్ల తాలూకు పెళ్లలు, మట్టి రోజూ వచ్చి పడుతున్నాయి. అర్జీలు పెట్టినవాళ్లకు కాళ్లు అరగడమే మిగిలింది. దాంతో చిన్నది తనకు చేతనైన పని చేసింది. ముందు నిండు చెరువు, కొంగలు. ఆ తర్వాత టిప్పర్లు వచ్చి కుమ్మరిస్తుంటే నీళ్లు కుంచించుకుపోతాయి. చివరికి ఒక్క కొంగ సిమెంటు పెళ్ల మీద దిక్కులు చూస్తూ ఉంటుంది. ఆ బొమ్మ ఫోన్లలో ఊరంతా తిరిగింది.

టిప్పరును మాత్రం దూరం నుంచి తీసిన ఫొటో చూసి, వెనక తలుపు సొట్టతో సహా ఉన్నదున్నట్టు గీసింది. అక్క భర్త, బావ టిప్పరు నడుపుతాడని తెలుసు గానీ, మట్టి ఇక్కడికే తెస్తున్నాడని తెలియదు. ఆ సొట్టను బట్టి అది బావ బండేనని జనం పోల్చుకున్నారు. గొడవ ముదిరేసరికి టిప్పర్ల కాంట్రాక్టరు, డ్రైవరే తనకు తెలియకుండా పోశాడని చేతులు దులుపుకుని, బావను పనిలోంచి తీసేశాడు. ఇంకెవరి మీదా ఈగ వాలలేదు.

అక్క వచ్చి కూర్చుంది.

"నీ బొమ్మ చూసి అందరూ మెచ్చుకుంటున్నారంట. మా ఆయన ఒక్కడే దొరికాడు నీకు," అని లేచి వెళ్లిపోయింది.

ఆ వారంలోనే పురపాలక కార్యాలయం నుంచి పిలుపొచ్చింది. అక్కడి అధికారి కుర్చీ వేయించి కూర్చోబెట్టి, చెరువును కాపాడమని జనానికి చెప్పడానికి ఆ నిండు చెరువు బొమ్మ ఇమ్మని అడిగాడు. బావ ఉద్యోగం బావకు తిరిగి ఇప్పిస్తే ఇస్తానంది చిన్నది. ఆయన అక్కడికక్కడే కాంట్రాక్టరుకు ఫోన్ చేశాడు. ఒరేయ్ అనే చనువు. అది విని ఆమె మనసు కీడు శంకించింది. అయినా బొమ్మ ఇస్తున్నట్టు కాగితం మీద సంతకం చేసింది.

నెల తిరక్కుండా చెరువు చుట్టూ మనిషెత్తును మించిన రేకులు లేచాయి. వాటి పొడవునా ఆమె గీసిన నిండు నీళ్లు. చూడటానికి వెళ్లిన చిన్నదాని ఎదుట రేకుల గేటు తెరుచుకుంది. లోపల సగానికి పైగా చదును చేసిన నేల. గేటులోంచి టిప్పరు బయటికొచ్చి ఆగింది. బావ కిందికి దిగాడు.

"మానెయ్యలేవా బావా?"

"మానేస్తే ఇంకొకడు పోస్తాడమ్మా. నీ పుణ్యమా అని ఇప్పుడు బయటికేం కనపడదు. మాకూ భయం లేదు."

ఆ మాటలో వెటకారం లేదు. నిజంగానే కృతజ్ఞతగా అన్నాడు. అదే ఆమెకు మింగుడుపడలేదు.

బావ వెళ్లాక గేటు సందులోంచి ఫొటోలు తీసింది. ఇంకో బొమ్మ గీసి అసలు సంగతి బయటపెట్టొచ్చు. కానీ మళ్లీ ఎవరి మెడకు చుట్టుకుంటుందో ఆమెకు తెలుసు. అక్క ముఖం గుర్తొచ్చింది. ఒక్కొక్క ఫొటోనే చెరిపేసింది.

వెనక నుంచి ఎవరో పిలిచారు. ఒక కుటుంబం రేకుల ముందు వరసగా నిలబడి ఉంది.

"కొంచెం పక్కకి జరుగుతారా? ఫొటోలో మీరు పడుతున్నారు."

ఆమె జరిగింది.