వంటక్క లేవలేదు

ఆసుపత్రి క్యాంటీన్‌లో పదహారేళ్లుగా వండుతున్న ఆవిడను అందరూ వంటక్క అనే పిలిచేవారు. సొంత పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా వినిపించేది కాదు. ఆ ఆదివారం నర్సులూ కాంపౌండరూ కలిసి చెరువు గట్టున వంటలు పెట్టుకుని, ఆవిడనూ బలవంతాన బయల్దేరదీశారు.

"రోజూ మాకు నువ్వే వండిపెడుతున్నావు. ఇవాళ గరిటె ముట్టుకున్నావంటే ఊరుకోనక్కా," అని పెద్ద నర్సు ముందే చెప్పింది.

నిజానికి వంటక్కకు రావాలని లేదు. ఇంట్లో తలుపేసుకుని పడుకోవాలని ఉంది. కాదంటే బాగుండదని వచ్చి, రేకుల షెడ్డు కింద సిమెంటు బల్ల మీద కూలబడింది. కాళ్లు చాపుకుంటే ప్రాణం లేచొచ్చినట్టయింది.

కుంపట్లో బొగ్గులు రాజుకునేసరికి గాలి లేచింది. కాగితపు పళ్లేలు కొన్ని ఎగిరి చెరువులో పడ్డాయి. వాటి వెంట కాంపౌండరు పరుగెత్తాడు. అంతలోనే వాన దంచికొట్టింది. నలుగురూ కలిసి కుంపటిని షెడ్డులోకి ఈడ్చుకొచ్చేసరికి అది నిప్పు మాని పొగ కక్కుతోంది. సగం కాలిన కోడి ముక్కలు, పచ్చి బంగాళాదుంపలు, తడిసిన బొగ్గులు. ఎవరికీ ఏమీ పాలుపోలేదు. ఒకరి తర్వాత ఒకరు వంటక్క వైపు చూడసాగారు.

ఏం చెయ్యాలో ఆవిడకు తెలుసు. అలవాటు కొద్దీ కొంగు నడుముకు చుట్టింది. లేవబోతే మోకాళ్లు కలుక్కుమన్నాయి. మళ్లీ కూర్చుంది.

"నేను లేవలేనమ్మా," అంది. నడుముకు చుట్టిన కొంగు విప్పేసి, "లేవను," అంది.



"అయితే ఇవాళ పస్తే," అని కాంపౌండరు గొణిగాడు.

"బతికున్నవాళ్లకి ఇన్ని సూదులు గుచ్చాను, చచ్చిన కోడికి ఊచ గుచ్చలేనా? నువ్వు ఆ గిన్నె మూతతో నిప్పు విసురు," అని పెద్ద నర్సు కుంపటి ముందు కూర్చుంది.

కళ్ల వెంట నీళ్లు కారుతుండగా అరగంట విసిరారు, తిట్టుకున్నారు, మళ్లీ విసిరారు. చివరికి మొదటి పళ్లెం తెచ్చి వంటక్క చేతిలో పెట్టారు. ఒకరు వండి చేతికి అందిస్తే తిని ఎన్నాళ్లయిందో ఆవిడకు గుర్తు రాలేదు. పళ్లెం వేడి అరచేతులకు హాయిగా ఉంది.

"ఎలా ఉందక్కా? అబద్ధం చెప్పకు," అంది పెద్ద నర్సు.

"మాంసం మాడింది. దుంప ఉడకలేదు," అంది వంటక్క నములుతూ. "ఇంకో ముక్క వెయ్యి."

వాన తగ్గకపోయేసరికి మిగిలింది మూటగట్టి అందరూ వ్యానెక్కారు. ఆవిడ పెద్ద నర్సు భుజం మీద తల వాల్చి, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోయింది. ఆవిడ వీధి మలుపు వచ్చింది. ఎవరికీ లేపబుద్ధి కాలేదు.

"పోనీ, ఇంకో చుట్టు తిప్పు," అంది పెద్ద నర్సు మెల్లగా.

డ్రైవరు వ్యాను ముందుకు పోనిచ్చాడు.