గాసిప్ అనగానే వచ్చినావిడ

ఏలూరులో ఒక సైకిలు షాపు మీద గదిలో ఇమ్మానుయేలు మాస్టారు సాయంత్రాలు ఇంగ్లీషు మాట్లాడటం నేర్పేవారు. ఉద్యోగాల నుంచీ కాలేజీల నుంచీ వచ్చినవాళ్లు చెప్పులు మెట్ల కింద విడిచి పైకెక్కేవారు. కాసేపు ఒకళ్లతో ఒకళ్లు ఇంగ్లీషులో మాట్లాడుకున్నాక మాస్టారు బోర్డు మీద ఒక మాట రాసి, అది ఏ దేశంలో పుట్టిందో, ఎవరెవరి నోళ్లలో నలిగి ఇక్కడిదాకా వచ్చిందో చెప్పేవారు. ఆయనకు అదంటే ప్రాణం. చుట్టరికాల మాట చెప్పేరోజు మాత్రం కుర్చీల కోసం కింద షాపు శేషగిరిరావుగారికి పొద్దున్నే కబురు పెట్టేవారు. ఆ మాట ఏ చుట్టాన్ని చెబుతుందో, క్లాసులో ఉన్నవాళ్ల ఆ చుట్టాలంతా వచ్చేసేవారు మరి. కుర్చీలు చాలేవి కావు.

"ఇవాళ ఏ మాటండీ, మాస్టారూ?" అని ఒకసారి శేషగిరిరావుగారు కింద నుంచే అడిగారు.

"అంకుల్ అండీ."

"అయితే బెంచీ కూడా పంపిస్తానుండండి."

అంకుల్ అనే మాట లాటిన్‌లో పుట్టిందని మాస్టారు ఆ సాయంత్రం చెప్పారు. "ఇప్పుడు మనం బస్సు కండక్టరుని కూడా అంకుల్ అనేస్తున్నాం. పూర్వం అలా కాదు. అమ్మ తోడబుట్టినవాడికే ఆ పేరు. చిన్నతాత అని ముద్దుగా పిలవడం లాంటిదన్నమాట. నాన్న అన్నదమ్ములకు వేరే మాట ఉండేది" అని ఆయన సుద్దముక్క కింద పెట్టేసరికి మెట్ల మీద అడుగుల చప్పుడయింది. లక్ష్మీదుర్గ మేనమామ పెదవేగి నుంచి పామాయిల్ గెలలున్న ట్రాక్టరుతోనే వచ్చి రోడ్డు మీద ఆపాడు. దెందులూరు గోపీచంద్ మేనమామ సగం గీసిన గడ్డంతో వచ్చాడు. "ఎందుకో ఇటు రావాలనిపించిందిరా" అన్నాడు. ఎవరూ వింతపడలేదు. బాబాయిలూ పెదనాన్నలూ ఒక్కరూ రాలేదు. ఆంట్ అంటే అసలు మేనత్తేనని చెప్పినరోజు మేనత్తలు నిండిపోయారు. కజిన్ అంటే పెద్దమ్మ, పిన్ని పిల్లలేనని చెప్పినరోజు సందడికి పాఠమే సాగలేదు.

ఏ మాట చెప్పినా జాయ్సీ కోసం మాత్రం ఎవరూ వచ్చేవారు కాదు.

జాయ్సీ నర్సు. సిస్టర్ల అనాథాశ్రమంలో పెరిగింది. పసిపిల్లగా ఉన్నప్పుడు వరదల్లో తెచ్చారని, మెడలో సిలువ ఉంటే జ్ఞానస్నానం అయిందనుకున్నామని మాత్రం సిస్టర్లు చెప్పారు. ఆ ముందున్న సంగతులు వాళ్లకూ తెలియవు. బెంగుళూరులో ఒక ఆసుపత్రివాళ్లు ఉద్యోగం ఇస్తామంటే, ఇంగ్లీషు కాస్త సాఫీగా రావాలని ఈ క్లాసులో చేరింది. అంకుల్ పాఠం నాడు ఆమె కూడా మెట్ల వైపు చూసింది. తరవాత పాఠాలప్పుడు చూడటం మానేసి, వచ్చినవాళ్లకు మంచినీళ్లు అందిస్తూ తిరిగేది. అడిగితే, "నాకు అలవాటేనండీ" అని నవ్వేసేది. అలవాటైన మాట నిజమే. కాకపోతే ఆ సాయంత్రాల్లో హాస్టలుకు వెళ్లి అన్నం తినకుండా పడుకునేది.

ఒకరోజు మాస్టారు చుట్టరికాల మాటేదీ అనుకోలేదు. కుర్చీలకు కబురు పెట్టలేదు. బ్యాంకులో ఎలా మాట్లాడాలో చెబుతున్నారు. వెనక బెంచీలో లక్ష్మీదుర్గ, గోపీచంద్ గుసగుసలాడుకుంటున్నారు. వచ్చేవారం జాయ్సీ బెంగుళూరు వెళ్లేటప్పుడు ఏం కానుక ఇవ్వాలా అని వాళ్ల చర్చ.

"వెనక ఆ గాసిప్ ఆపుతారా?" అన్నారు మాస్టారు. అని, ఆగిపోయారు. ఆయన మొహంలోకి నవ్వు వచ్చింది. పాఠం వదిలేసి బోర్డు తుడిచారు.

"అసలు ఈ మాట ఎంత పెద్దింటి పిల్లో తెలుసాండీ మీకు? పాత ఇంగ్లీషులో గాడ్ అంటే దేవుడు, సిబ్ అంటే చుట్టం. సిబ్లింగ్‌లో ఉన్న సిబ్ అదే. పసిబిడ్డ జ్ఞానస్నానానికి బిడ్డ తరఫున నిలబడేవాళ్లను గాడ్‌సిబ్ అనేవారు. రక్తసంబంధం లేకపోయినా దేవుడి ఎదుట కలిసిన చుట్టమన్నమాట. ఆడవాళ్లు అలా ఒకచోట చేరితే కబుర్లు చెప్పుకుంటారు గదా, చివరికి ఆ కబుర్లకే పేరు మిగిలింది."

మెట్ల మీద ఎవరో వస్తున్నారు. అడుగుల కంటే ముందు మాటలు వినిపించాయి. "ఇదేం మెట్లు నాయనా, నిచ్చెన నయం. ఏవండీ, పైన ఎవరైనా ఉన్నారాండీ? కైకలూరులో బస్సు గంట సేపు ఆపేశాడండీ, లేకపోతే ఎప్పుడో వచ్చేదాన్ని."

ఒక పెద్దావిడ, నీళ్లు తొణుకుతున్న ప్లాస్టిక్ బకెట్ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. బకెట్‌లో బతికున్న కొర్రమీను తిరుగుతోంది. ఆ మాట చెబుతానని మాస్టారికే తెలియనప్పుడు, పొద్దున్నే ఆవిడ కొల్లేటికోటలో పడవెక్కింది.

ఆవిడ అందరి మొహాలూ చూసుకుంటూ వచ్చి జాయ్సీ దగ్గర ఆగింది. బకెట్ కింద పెట్టి, తడిచేతులు చీరకు తుడుచుకుంది.

"సలోమీ" అంది.

"నా పేరు జాయ్సీ అండీ."

"అది తరవాత ఎవరో పెట్టి ఉంటారు తల్లీ. ఫాదరుగారు సలోమి అని పిలిచి నీళ్లు పోస్తుంటే నిన్ను ఎత్తుకున్నది నేనే. హన్నమ్మని. నీ జ్ఞానతల్లిని."

జాయ్సీ బెంచీ అంచు పట్టుకుంది. హన్నమ్మ ఆమె పక్కన కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. జాయ్సీ తల్లి మెర్సీ, తాను చిన్నప్పటి నుంచీ ఒకే జట్టు. బిడ్డ పుట్టిన కొద్దినెలలకే మెర్సీ జ్వరంతో పోయింది. తండ్రి ఏసుబాబు ఆ ఏడే గాలివానలో పడవతో పోయాడు. తరవాత కొల్లేరు పొంగి ఊరు మునిగితే, పిల్లలను ముందు గట్టుకు చేర్చారు. నీళ్లు తీశాక వెతికితే, ఎవరు ఏ ఆశ్రమానికి పంపారో చెప్పేవాళ్లు లేరు. "సలోమి ఉందాండీ, సలోమి ఉందాండీ అని తిరిగాను. జాయ్సీ అని అడగాలని నాకేం తెలుసు?"

"నేనే అని ఎలా గుర్తుపట్టారండీ?" అంది జాయ్సీ.

"మెర్సీ బెంచీ మీద కూర్చున్నట్టుంటే గుర్తుపట్టనా?"

జాయ్సీని ఇంతవరకు ఎవరూ ఎవరితోనూ పోల్చలేదు. ఆమె మాస్టారి వైపు తిరిగి, ఏదో ఒకటి మాట్లాడాలన్నట్టు, "మాస్టారూ, పోలికకు ఇంగ్లీషు మాటేంటండీ?" అంది.

"లైక్‌నెస్" అన్నారాయన కళ్లద్దాలు తీస్తూ. "అందులో లైక్ అనే మాటకు పూర్వం ఒళ్లు అని అర్థమమ్మా. ఒకలా ఉన్నారంటే, ఇద్దరిదీ ఒకే ఒళ్లని."

ఆదివారం జాయ్సీ కొల్లేటికోట వెళ్లింది. పడవలో ఉండగానే ఊరంతటికీ సంగతి తెలిసిపోయిందని ఒడ్డున నిలబడ్డ జనాన్ని చూస్తే అర్థమైంది. హన్నమ్మ ఊరుకునే మనిషా? అరుగు మీద కుర్చీ వేసి కూర్చోబెట్టారు. కొర్రమీను పులుసు తినిపించారు. తరవాత పంపకాలు మొదలయ్యాయి.

"ముక్కు ఏసుబాబుదే" అంది ఎదురింటి వెంకటనరసమ్మ.

"ముక్కు మెర్సీది. చెవులు కావాలంటే ఏసుబాబుకి ఇచ్చేయండి" అంది హన్నమ్మ.

"నడక చూశారా, పడవ దిగి వస్తుంటే? వాళ్ల నానమ్మే. ఆవిడా అలాగే నీళ్లలో నడిచినట్టు నడిచేది" అంది ఇంకొకావిడ.

ఏసుబాబు అన్న సాల్మన్ అంతసేపూ స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. అంకుల్ అనే మాటలో చోటులేని మనిషి. "నవ్వు మా ఇంటిదండీ" అన్నాడు మెల్లగా. ఏదీ, పక్కనే నిలబడి నవ్వి చూపించమన్నారు ఆడవాళ్లు. ఆయన సిగ్గుపడుతూ నవ్వాడు. ముందు పళ్లు రెండు లేవు. అది చూసి జాయ్సీకి నవ్వాగలేదు. సాల్మన్ చెప్పిందే నిజమని అందరూ ఒప్పుకున్నారు.

చేతివేళ్లు తల్లివని తేలాయి. నుదురు ఎవరిదో తేలక, దాన్ని ఇద్దరు మేనత్త వరస వాళ్లకు చెరిసగం చేశారు.

"బెంగుళూరు చాలా దూరమా అమ్మా?" అని వెంకటనరసమ్మ అడిగింది. హన్నమ్మ జాయ్సీ పక్కకు జరిగి కూర్చుంది.

జాయ్సీ తన చేతులు ముందుకు చాచి, వేళ్లు తిప్పి చూసుకుంది.

"ముక్కు ఒకరిది, నడక ఒకరిది, నవ్వు పెదనాన్నది. అన్నీ మీరే పంచేసుకున్నారు. ఇంక బెంగుళూరు పట్టుకెళ్లడానికి నా దగ్గర ఏం మిగిలిందండీ?" అంది.