అక్కా అని ఏడవాలి

ఫోన్ మోగేసరికి శ్రియాకాంతి బియ్యప్పిండితో ఇడియాప్పాలు ఒత్తుతోంది. పొద్దున్నే కొట్టుకి పంపాల్సినవి. పిండి చెయ్యి చీరకి తుడుచుకుని ఫోన్ ఎత్తింది. అవతల కువైట్‌లోని లంక రాయబార కార్యాలయం ఆఫీసరు, రత్నసూర్య అట.

"శ్రియాకాంతి ఇల్లేనా అమ్మా? ఆవిడకి మీరేమవుతారు?"

"నేనే సార్ శ్రియాకాంతిని."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడయింది. తర్వాత ఆయన నిట్టూర్చాడు.

"అమ్మా, పాస్‌పోర్టు ప్రకారం శ్రియాకాంతి నిన్న నాలుగో అంతస్తు నుంచి పడి చనిపోయింది."

పడింది చెల్లెలు దిల్హాని. అయిదేళ్ళు నిండని బిడ్డ ఉన్న తల్లి పరాయి దేశంలో పనికి పోకూడదని సర్కారు రూలు. మంచి రూలే. మొగుడు ఇంకోదాన్ని చూసుకుని పోతే ఆ బిడ్డకి పాలెవరు పోస్తారో మాత్రం అందులో రాయలేదు. అక్కకి పెళ్ళీ లేదు, పిల్లలూ లేరు. అందుకని రెండేళ్ళ సెనూలిని అక్క ఒళ్ళో పెట్టి, అక్క పేరుతో, అక్క గుర్తింపు కార్డుతో రెండేళ్ళ కిందట దిల్హాని విమానం ఎక్కింది. ఆ ఊళ్ళో ఇది కొత్త కాదు. పెళ్ళికి గొలుసు ఎరువిచ్చినట్టు పేరు ఎరువిచ్చుకునేవాళ్ళు. ఎరువు సొమ్ము బరువు చేటని పెద్దలు ఊరికే అనలేదు.

"ఎలా పడింది సార్?" అంది శ్రియాకాంతి. "కొబ్బరిచెట్లు ఎక్కిన పిల్ల అది. ఎత్తంటే దానికి భయం లేదు. పోయినసారి చెయ్యి కాలిందంది. చూపించవే అంటే ఫోన్ పెట్టేసింది."

"కాలిన మచ్చలున్నాయమ్మా. రెండు చేతులకీ." ఆయన గొంతు తగ్గించాడు. "ఎలా పడిందని నేనడిగితే, పడిందెవరని ఇక్కడి పోలీసులడుగుతారు. వేలిముద్రలు తీస్తారు. కేసు ఎన్నాళ్ళు నడుస్తుందో, శవాన్ని ఎన్నాళ్ళు ఐసులో పెడతారో చెప్పలేను. ఒక్కోసారి ఇక్కడే పాతేస్తారు. మీ ఇంటికి పోలీసులొస్తారు. అయినా అడగమంటే అడుగుతాను. అది నా పని."

శ్రియాకాంతి ఫోన్ రెండో చెవికి మార్చుకుంది.

"లైను బాగాలేదమ్మా. ఇందాక మీరు చెప్పిన పేరు నాకు వినపడలేదు. కాసేపాగి మళ్ళీ చేస్తాను. అప్పుడు ఎవరెత్తినా పేరు సరిగ్గా చెప్పండి."

ఆయన మంచివాడో, పని తప్పించుకునేవాడో ఆమెకి ఈ రోజుకీ తెలియదు. వాకిట్లో సెనూలి కొబ్బరిచిప్పలో మట్టి అన్నం వండుతోంది. తనని జైల్లో పెడితే ఈ పిల్ల ఎవరి గుమ్మంలో పడుంటుంది? చెల్లెలికి ఊరి మట్టి కూడా దక్కకపోతే ఎలా? న్యాయం అడుగుదామంటే ఆ న్యాయమే చెల్లెల్ని ఇంటికి రానివ్వదు. ఇంత పాపిష్టి బేరం పగవాడికి కూడా రాకూడదు.

ఫోన్ మళ్ళీ మోగింది.

"ఎవరమ్మా మాట్లాడేది?"

"దిల్హానిని సార్. పోయినావిడ చెల్లెల్ని."

"మీ అక్కగారి చావు మీద మీకేమైనా అనుమానం ఉందా?"

"లేదు సార్."

ఆ మాటతో తన చేతులతోనే చెల్లెల్ని ఇంకోసారి తోసేసినట్టయింది.

శవం వచ్చేలోపు పిల్లకి పాఠం చెప్పాలి. శవంతోపాటు కొలంబో నుంచి ఒక ఆఫీసరు వస్తాడట.

"నన్ను అమ్మా అను."

"నువ్వు పెద్దమ్మవి. అమ్మ ఫోన్లో ఉంటుంది."

"ఇప్పట్నుంచి నేనే అమ్మని. పెద్దమ్మ చచ్చిపోయింది."

"ఇక్కడే ఉన్నావుగా?" అని పిల్ల పకపకా నవ్వింది.

కొబ్బరి ఉండ చూపిస్తే లొంగలేదు. బతిమాలితే లొంగలేదు. చివరికి శ్రియాకాంతి పిల్ల జబ్బ పట్టుకుని కుదిపింది. "పెద్దమ్మా అన్నావో, సార్ విని నన్ను బండెక్కించి తీసుకుపోతాడు. ఇంక నీకెవరూ ఉండరు. తెలిసిందా?"

పిల్ల నవ్వు ఆగిపోయింది. తెలిసింది.

శవం పెట్టె వచ్చిన రోజు చావుకి గుర్తుగా బాట పొడుగునా తెల్లజెండాలు కట్టారు. గుమ్మం దగ్గర బ్యానర్ మీద శ్రియాకాంతి ఫోటో, కింద నిర్వాణ సుఖం కలుగుగాక అని. పక్కింటి కరుణావతి దాన్ని చూసి చెవిలో గొణిగింది. "ఫోటోలో కళగా ఉన్నావే. ఎవరు ఎంత ఏడుస్తారో చూసుకో, ఈ అదృష్టం అందరికీ రాదు." ఊరంతటికీ తెలుసు. ఊరంతా నోరు మూసుకుంది. రేపు ఎవరింటి పెట్టె ఏ పేరుతో వస్తుందో ఎవరికి తెలుసు?

పెట్టె తెరవొద్దన్నారు. కొలంబో ఆఫీసరు పూలదండ పెట్టి, పిల్ల ముందు వంగాడు.

"ఈవిడ నీకేమవుతుంది పాపా?"

ఆయన శ్రియాకాంతిని చూపించాడు. సెనూలి ఆమె చీర కుచ్చెళ్ళు పట్టుకుంది.

"మా అమ్మ."

"మరి పెట్టెలో?"

"పెద్దమ్మ."

ఆయన పిల్ల తల నిమిరి పక్కకి జరిగాడు. భిక్షువు పోయినావిడ పేరు చెప్పి పుణ్యం ధారపోయమన్నాడు. శ్రియాకాంతి తన పేరే చెప్పి, పిల్ల చేత కూజా పట్టించి గిన్నెలోకి నీళ్ళు వంపించింది. అప్పుడు ఏడుపు తన్నుకొచ్చింది. చెల్లీ అని అరవబోయి, ఆఫీసరు బూట్లు కనబడి, "అక్కా! నన్ను వదిలేసి పోయావా అక్కా!" అని పెట్టె మీద పడింది. తాను ఎత్తుకు పెంచిన చెల్లెల్ని అక్కా అని ఏడ్చింది.

సాయంత్రానికి అంతా వెళ్ళిపోయారు. తలుపేసి, శ్రియాకాంతి సెనూలిని ఒళ్ళోకి లాక్కుంది. ఈ ఇంట్లో ఒక్కరైనా చెల్లెల్ని దాని పేరుతో తలుచుకోవాలి, కన్నబిడ్డయినా ఒక్కసారి దాని కోసం ఏడవాలి అనిపించింది.

"సార్ వెళ్ళిపోయాడు బంగారం. ఇంక నిజం చెప్పుకోవచ్చు. పెట్టెలో ఉన్నది మీ అమ్మ. దిల్హాని. నేను నీ పెద్ద..."

సెనూలి గబుక్కున ఆమె నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టింది.

"అలా అనకమ్మా," అంది, తలుపు వైపు చూస్తూ. "సార్ వింటాడు."